ఎల్లారెడ్డి కోర్టుల నీ పేరు

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది నిండుతది. ఇయ్యాల నీ పని మీదనే ఎల్లారెడ్డి కోర్టుకు పోయొచ్చిన.

కాలువ నీళ్ల కొట్లాట కేసుల నువ్వు వాయిదాలకు వస్తలేవని పోయిన వారం కానిస్టేబుల్ వారెంటు పట్టుకొని ఇంటికొచ్చిండు. అవ్వ భయపడి, నువ్వున్నప్పుడు చెప్పినట్లనే "ఊర్లె లేడు బిడ్డా, బొంబాయి పోయిండు" అన్నది. ఆయన నువ్వు పరారీల ఉన్నవని రాసుకపోయిండు. నీ బెయిలుకు జమానతు నిలబడ్డది నేను. ఇగ ఇది నా మెడకు చుట్టుకుంటదని కామారెడ్డి వకీలు చెప్పిండు.

"సచ్చిపోయిండని చెప్తె ఏం పోయిందే?" అని అవ్వ మీద ఒర్రిన.

"నా నోటితోని ఎట్లంటర?" అన్నది.

పొద్దున నీ మరణ సర్టిఫికెటు జేబుల పెట్టుకొని కోర్టు వరండల నిలబడ్డ. బంట్రోతు బయటికొచ్చి నీ పేరు మూడుసార్లు గట్టిగ పిలిచిండు. అన్నీ తెలిసి కూడ, మూడోసారికి గేటు దిక్కు చూసిన.

జడ్జి మేడం కాగితం చూసి వారెంటు రద్దు చేసి, నీ మీది కేసు మూసేసింది.

ఇంటికొచ్చేసరికి అవ్వ వాకిట్లనే నిలబడ్డది. "భయం లేదే, ఇగ అన్నను పిలువరు" అని చెప్పిన.

అవ్వ మెల్లగ అడిగింది: "ఇయ్యాల వాని పేరు గట్టిగనే పిలిచిండ్రార?"