కాకి సాక్ష్యం చెల్లదని మనవి

మండల తహశీల్దారు గారి సముఖమునకు, పెదకోవెలవలస కాపురస్థుడు, అపరకర్మల పురోహితుడు మండా త్యాగరాజు వ్రాసుకొను అర్జీ.

విషయం: మా ఊరి రేవులో కాకి పిండము ముట్టిన సంగతిని భూమి తగాదాలో సాక్ష్యముగా స్వీకరించరాదనియు, సదరు కాకికి తర్ఫీదు ఇచ్చినవాడిని నేనే అనియు తెలియజేయుట గురించి.

అయ్యా,

1. నేను వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి దిగువనున్న మా రేవులో, మా నాన్నగారి తదుపరి, కర్మలు చేయించుచూ జీవించుచున్నాను. ఇంతవరకు ఏ ఆఫీసుకీ అర్జీ పెట్టి ఎరుగను. కావున ఇందులో తప్పులుంటే మన్నించగలరు. తప్పులంటే రాతలోవి. మిగతావి మన్నించమని అడగడానికి నాకు మొహం లేదు.

2. తమరు వేరే ప్రాంతం వారని విన్నాను గనుక మా ఆచారము మనవి చేసుకొనుచున్నాను. మనిషి పోయిన పదో రోజున రేవులో కాకికి పిండం పెడతాం. కాకి వెంటనే ముడితే పోయినవారు తృప్తిగా వెళ్ళినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో బెంగ ఉండిపోయినట్టు. అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి, చేతులు జోడించి, పైకి, అందరూ వినేలా మాటిస్తారు. ‘అమ్మా, తమ్ముడితో మళ్ళీ మాటాడతాను’ అని ఒకరు. ‘నాన్నా, నీ ఎడ్లని కబేళాకి అమ్మను’ అని ఒకరు. ఏ మాటకి కాకి వచ్చి ముడితే అదే పోయినవారి కోరిక అని లెక్క. కాగితం రాసుకుని తప్పినవాళ్ళని చాలామందిని చూశాను గాని, ఆ ఇసకలో నిలబడి ఇచ్చిన మాట తప్పినవాణ్ణి మా చుట్టుపక్కల నేను చూడలేదు.

3. ఇకపోతే కాకులు తగ్గిపోయాయి. ఎందుకు తగ్గాయో పెద్దవాళ్ళకి తెలియాలి. ఎండలో జనం గంటల తరబడి ఆకాశం కేసి చూస్తూ కూర్చునేవారు. ముసలమ్మలు సొమ్మసిల్లిపోయేవారు. ఆ తర్వాత అందరూ నా కేసి చూసేవారు, మంత్రంలో ఏదో మింగేశానన్నట్టు. అందుచేత నేను పొద్దున్నే రేవుకి పోయి, ఉద్ధరిణితో పంచపాత్ర మీద టంగు టంగుమని కొట్టి, కాకులకి బూంది వేయడం మొదలెట్టాను. కొన్నాళ్ళకి బూంది లేకపోయినా చప్పుడుకే రావడం నేర్చాయి. కర్మ రోజున ఆచమనం చేయిస్తున్నట్టే చేయించి ఉద్ధరిణి కొడితే చాలు, కాకి ఒచ్చీసేది. ముసలివాళ్ళ మీద జాలితో ఈ పని చేశానని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ నమ్మలేదు. ‘త్యాగరాజుగారి చేతిలో కాకి ఇట్టే ముడతాదట’ అని రాజాం నుంచి, పాతపట్నం నుంచి కూడా కార్లలో రావడం మొదలెట్టారు మరి. ఆ పేరు నాకు తియ్యగా ఉండేది. ఎందుకు అబద్ధమాడాలి.

4. సదరు కాకుల తెలివి గురించి తమకు కొంచెం విపులంగా మనవి చేయవలసియున్నది. లేకపోతే ఈ అర్జీ పిచ్చివాడు రాసినట్టుంటుంది.

వాటిలో పెద్దదొకటి ఉన్నది. కుడికాలు కొంచెం వంకర. మా ఆవిడ త్రిపురసుందరి దాన్ని ‘చిన్న పంతులుగారు’ అంటుంది. మొదట్లో చప్పుడుకి అదొక్కటే వచ్చేది. తర్వాత దాని పిల్లలు వచ్చాయి. నేనెప్పుడూ వాటికి బూంది వెయ్యలేదు, తల్లే నేర్పుకుంది. ఆ పిల్లలకి ఇత్తడి చప్పుడికీ స్టీలు గ్లాసు చప్పుడికీ తేడా తెలుసు. ఈ ఏటి పిల్లలు ఇంకో మెట్టు పైన ఉన్నాయి. తెల్లబట్టల మనుషులు వంతెన దిగుతుంటేనే గుర్తుపట్టి నా కంటే ముందు రేవులో కూర్చుంటున్నాయి. పిండం పక్కన గారె లేకపోతే మొహం తిప్పుకుంటున్నాయి. గారె పెట్టించాకే ముడుతున్నాయి. మొన్న ఇంకో ఘోరం. నేను జ్వరమొచ్చి లేవకపోతే, చిన్న పంతులుగారు మా పెరట్లో తోమి బోర్లించిన గిన్నెల్లోంచి చెంచా ముక్కున కరిచి, గట్టు మీద టంగు టంగుమని కొట్టింది. నేను దుప్పటి తీసేసి బూంది డబ్బా పట్టుకుని పరిగెట్టాను. గుమ్మం దాటాక గాని నాకు తెలివి రాలేదు. మా ఆవిడ నవ్వి నవ్వి, ‘ఎవరికి ఎవరు తర్ఫీదు ఇచ్చారండీ?’ అంది. నాకు నవ్వు రాలేదు.

ఈ లెక్కన వీటి మనవలు ఏ ఇంట్లో మనిషి మంచాన పడ్డాడో కనిపెట్టి ముందే చూరు మీద కూర్చుంటాయి. ఆ మనవల మనవలు ఎవరి పిండం ముట్టాలో ఎవరిది ముట్టకూడదో వాటికవే తీర్మానించుకుంటాయి. అప్పుడు పురోహితుడెందుకు? పోనివ్వండి, నా పొట్ట సంగతి కాదు నా బాధ. వాటి తెలివి పెరగడం తప్పు కాదు. అవి బతకడానికి నేర్చుకుంటున్నాయి. పెరుగుతున్న తెలివికి మొట్టమొదట నేర్పిన పాఠం మోసం, ఆ పాఠం చెప్పిన మేష్టారిని నేను. అది మోసమని పాపం వాటికి తెలీదు. ఇక్కడ మనుషుల తెలివి మాత్రం ఎక్కడిదక్కడే ఉన్నాది, నాతో సహా.

5. అసలు ఫిర్యాదు ఇది. ఫిర్యాదు నా మీదే.

మా ఊరి రాముడు వైశాఖంలో కాలం చేశాడు. పిల్లల్లేరు. చాలా ఏళ్ళు చెన్నై వైపు కట్టుబడి పనులకి పోయి ఉండేవాడు. ఆ రోజుల్లోనే తండ్రి పోతే, ఇల్లూ జీడితోటా మొత్తం తమ్ముడు జగన్నాధం పేరున పాసుపుస్తకంలోకి ఎక్కాయి. ‘సగం మా అన్నదే’ అని జగన్నాధం నోటితో అనేవాడే గాని రాయించలేదు. రాముడు మంచాన పడ్డాక కనిపించిన వాళ్ళందరితో ఒకటే మాట. ‘నాను పోతే నచ్మణమ్మని ఆ ఇంట్లోంచి గెంటకండిరా.’ లక్ష్మణమ్మ అతని భార్య. ఈ మాట నాతోనూ అన్నాడు. నా చెయ్యి పట్టుకుని అన్నాడు.

పదో రోజు కర్మ జగన్నాధమే చేశాడు. పిండం పెట్టాం. నేను ఉద్ధరిణి ముట్టుకోలేదు. కావాలని కాదు, ఒంటి మీద చెమట తుడుచుకుంటున్నాను. కాకి రాలేదు. కాసేపు చూశాం. జగన్నాధం లేచాడు. చేతులు జోడించాడు. లక్ష్మణమ్మ అతని మొహం కేసే చూస్తోంది. ఊరంతా చూస్తోంది. ‘అన్నా...’ అన్నాడు. ఆ మాట నోటి చివరికి వచ్చింది, నేను చూశాను బాబూ, పెదాల మీదకి వచ్చీసింది.

ఆ వేళకి వెనకాల రాజాం వాళ్ళ కారు వచ్చి ఆగింది. వాళ్ళ కర్మ కూడా నేనే చేయించాలి. నేను ఉద్ధరిణి కొట్టాను.

చిన్న పంతులుగారు వచ్చి ముట్టేసింది. జగన్నాధం నోరు మూసుకున్నాడు. చేతులు దించి, ‘సూసినారు గదా అందరూ? అన్నకి ఏ బెంగా నేదు’ అన్నాడు. అతన్ని నేను దుర్మార్గుడు అనలేను. మాట ఇద్దామనే లేచాడు. అక్కర్లేదని నేను చెప్పాను, కాకి చేత చెప్పించాను.

6. దరిమిలా లక్ష్మణమ్మ భర్త వాటా కోసం తమ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకున్న సంగతి, దాని మీద గ్రామంలో విచారణ జరిగిన సంగతి తమకు విదితమే. ఆ విచారణలో పెద్దలు ‘ఎవరూ ఏ మాటా ఇవ్వకమునుపే కాకి ముట్టినది గనుక మృతునికి తీరని కోరిక ఏదియు లేదు’ అని వాంగ్మూలం ఇచ్చినారు. నేనూ అక్కడే అరుగు మీద కూర్చున్నాను. ‘ఏమండీ పంతులుగారూ, నిజమేనా?’ అని అడిగారు. ‘ముట్టిన మాట నిజం’ అన్నాను. అది నిజమే కదా. అంత నిజం నా జన్మలో ఆడలేదు, అంత అబద్ధమూ ఆడలేదు. ఇప్పుడు లక్ష్మణమ్మ ఇల్లు ఖాళీ చెయ్యాలట.

ఆవిడ మొన్న మా ఇంటికి వచ్చింది. భూమి గురించి అడుగుతుందనుకుని నేను జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని అడిగింది వేరు. ‘ఏటి పంతులుగారూ, నా గురించి ఆడికి బెంగే నేదా? అలగ ఏ మాటా తీసుకోకుండా ఎలిపోయినాడేటి?’

అయ్యా, మజ్జిగ ఇమ్మని లోపలికి కేకేశాను. అన్నేళ్ళ మొగుడు తనని తలుచుకోకుండా పోయాడని ఆవిడ ఏడుస్తుంటే, నేను మజ్జిగ ఇప్పించాను. ఆవిడ తాగలేదు.

7. కావున తమరు దయతలచి:

సదరు వాంగ్మూలము నుండి కాకి ప్రస్తావనను కొట్టివేయించవలెను. రాముడు నా చెయ్యి పట్టుకుని చెప్పిన మాటకు సాక్ష్యం ఇవ్వడానికి ఏ రోజు రమ్మన్నా వస్తాను. నా మీద చర్య ఏ చట్టం కింద తీసుకోవచ్చునో నాకు తెలియదు, ఉన్నదేదైనా తీసుకోవలెను. కాకుల మీద మాత్రం ఏ చర్యా వద్దు. వలలు వేయించుట, తుపాకీ పేల్చుట వంటివి చేయించవద్దని ప్రత్యేకముగా ప్రార్థించుచున్నాను. అవి నేర్పింది నేర్చుకున్నాయి, అంతే.

ఈ అర్జీ రాస్తున్నానని తెలిసి త్రిపురసుందరి, ‘ఇది ఇస్తే ఇంక మీ చేత కర్మ ఎవరు చేయించుకుంటారు? మన పొయ్యి ఆరిపోతాది’ అంది. కాసేపయ్యాక తనే లోపలికెళ్ళి ఇంకో రెండు తెల్లకాగితాలు తెచ్చి ఇచ్చింది.

ఒక పురోహితుడి సిగ్గుమాలినతనాన్ని ఓపికగా చిత్తగించి, ఒక ఆడమనిషి ఇల్లు నిలబెట్టవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు, రాముడికి మాత్రం విధేయుడు కాలేకపోయినవాడు,
మండా త్యాగరాజు

తా.క.: ఈ అర్జీ సోమవారం తమకు స్వయంగా ఇద్దామని జేబులో పెట్టుకున్నాను. ఈలోగా నిన్న రాముడి మాసికం వచ్చింది. మళ్ళీ జగన్నాధమే కర్త. నేను ఒక పన్నాగం పన్నాను, అదీ చెప్పేస్తాను. జగన్నాధం నోట మాట వచ్చేదాకా ఉద్ధరిణి కొట్టకూడదు, మాట రాగానే కొట్టెయ్యాలి. మోసాన్ని మోసంతోనే సరిచేద్దామని.

పిండం పెట్టాం. చిన్న పంతులుగారు వచ్చి రాయి మీద కూర్చుంది. పిండం కేసి చూసింది, నా కేసి చూసింది. గారె కూడా ఉన్నాది. ముట్టలేదు. ఎండ ఎక్కింది. జగన్నాధానికి చెమటలు పట్టాయి. ‘ఏటండీ, అప్పుడు ఏ మాటా ఇవ్వకుండానే ఒచ్చింది గదా’ అన్నాడు. నేను దర్భలు సర్దుకుంటూ కూర్చున్నాను. చివరికి లేచి, చేతులు జోడించి, ఏడ్చేశాడు. ‘అన్నా, వదిన ఆ ఇంట్లోనే ఉంటాది. నీ సగం వదిన పేరున రాయిస్తాను. నా తప్పే. ఎల్లిపో అన్నా’ అన్నాడు.

నేను ఉద్ధరిణి అందుకున్నాను. చెయ్యి ఇంకా లేపలేదు. కాకి దిగి వచ్చి ముట్టింది.

చేతులు జోడించిన మనిషిని గుర్తుపట్టిందో, ఏడుపు గొంతుని గుర్తుపట్టిందో, ఊరికే ఆకలేసిందో నాకు తెలీదు. రేపు దాని పిల్లలకి ఏం నేర్పుతుందో అసలే తెలీదు. జగన్నాధం మాత్రం పైన రాసినదంతా వింటే, ఇదీ నా గారడీయే అనుకుని మాట వెనక్కి తీసుకుంటాడని నాకు భయం. కాబట్టి ముందు అతని చేత సగం రాయించి సంతకం తీసుకుని, ఆ తర్వాతే ఈ అర్జీ చదవాలి తమరు. ఈ ముక్క పైన రాయవలసింది. ఇప్పుడు తమరు చదివేశారు. నా పనులన్నీ ఇలాగే ఉంటాయి.

ఒక్క ఉపకారం చెయ్యండి బాబూ. సంతకం అయ్యాక లక్ష్మణమ్మని పిలిపించి తమ నోటితో చెప్పండి. నేను చెప్తే నమ్మదు, నమ్మకపోవడమే న్యాయం. మొదటిసారి కొట్టింది నేనని చెప్పండి. నిన్న ఎవరూ కొట్టలేదని చెప్పండి.