ఇటు చూడని ఫోటో

నాన్నగారికి,

మీ చిన్నమ్మాయి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం బాగానే ఉన్నాం, నా మోకాళ్ళు తప్ప. వాటి సంగతి కింద రాస్తాను. మీ నడుం నొప్పి తగ్గిందని అమ్మ రాసింది. మనసు కాస్త కుదుటపడింది.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. కెమెరా భద్రంగా ఉంది. లెన్స్ మీద దుమ్ము పడుతోందా అంటే, మైదానం కదా, పడక ఏం చేస్తుంది? తుడిచే మెత్తటి గుడ్డ జేబులోనే ఉంటోంది. మీ మనవరాలు పిచ్చుక సరిగ్గా తింటోందా అంటే, తింటోంది, ఆట ఉన్న రోజు రెండింతలు. అది ఆడే ఆ బేస్‌బాల్ ఒక్క ముక్క అర్థం కాలేదన్నారు. మైదానంలో నాలుగు చోట్ల నాలుగు తెల్లటి పలకల్లాంటివి ఉంటాయి, బేస్‌లంటారు. బంతిని కొట్టిన పిల్ల ఒకదాని నుంచి ఇంకోదానికి పరుగెత్తాలి. నాలుగూ చుట్టి వస్తే ఒక పరుగు. దారిలో అవతలి జట్టువాళ్ళు బంతి పట్టుకున్న చేత్తో తాకితే ఔట్. మిగతా రూల్స్ నాకూ సగమే తెలుసు. ఫోటో తీయడానికి ఆ సగం చాలు.

ఇక అసలు మాట. ముఖం కనబడని ఫోటోకి విలువేమిటి, ఆ మట్టిలో పడి దొర్లడం మానేసి వచ్చి స్టూడియో చూసుకో, వేసవిలోగా ఏదో ఒకటి చెప్పు అని రాశారు. ఇప్పుడే చెబుతున్నాను. నేను రాను. కోపం వస్తే రానివ్వండి.

నీలం తెర ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని తిప్పి, "ఇటు చూడు, కదలకు" అంటూ మీరు తీసిన ముఖాలను చీకటిగదిలో ఈ చేతులతోనే కడిగి ఆరేశాను. ఆ పని మీద నాకు చిన్నచూపు లేదు. కానీ ఇక్కడ ఎవరూ కదలకుండా ఉండరు, అదే నాకు నచ్చింది. మొదటి వారం బంతి వెంటపడ్డాను. రెండు వందల ఫోటోల్లో ఆకాశం తప్ప ఏమీ పడలేదు. వాతావరణ శాఖకి పంపుదామా అన్నాడు మీ అల్లుడు. తర్వాత బుద్ధొచ్చి బంతిని వదిలేసి పిల్లల్ని పట్టుకున్నాను. ఇంకాస్త బుద్ధొచ్చాక, పిల్ల చేరబోయే బేస్ మీద ముందే ఫోకస్ పెట్టి కాచుకోవడం నేర్చుకున్నాను. షట్టర్ సెకనులో వెయ్యో వంతే తెరుచుకోవాలి. కెమెరా వాళ్ళ ఎత్తుకి దిగాలి. నా మోకాళ్ళు పోయింది అక్కడే.

ఇప్పుడు మీ దగ్గర దాచిన సంగతి ఒకటి చెప్పాలి. పోయిన ఉత్తరంలో పిచ్చుక జట్టు ఓడిందని రాశాను గానీ, ఎందుకు ఓడిందో రాయలేదు. నా వల్లే ఓడింది.

ఆఖరి పరుగు అది. పిచ్చుక చివరి బేస్ వైపు దూసుకొస్తోంది. ఆ బేస్ పక్కనే నేను మోకాళ్ళ మీద ఉన్నాను. టోపీ నీడలో పిల్ల ముఖం సరిగ్గా కనబడలేదు. అంతే, మీ మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "ఇటు చూడమ్మా, కదలకు" అని అరిచాను. ప్రతి పుట్టినరోజుకీ మీ స్టూలు మీద అదీ విన్న మాటే కదా. పిల్ల ఆగింది, గడ్డం ఎత్తింది, చక్కగా నవ్వింది. బేస్ ఇంకా రెండడుగులుంది. వెనక నుంచి బంతి ఉన్న చెయ్యి వచ్చి వీపు తాకింది.

ఆ ఫోటో మాత్రం అద్భుతంగా వచ్చింది నాన్నగారూ. మీరు చూస్తే మెచ్చుకుంటారు. నేను మాత్రం దాన్ని బోర్లించి పెట్టాను.

"ఇక మీరు కంచె అవతల నుంచే తీసుకోండి" అని కోచ్ అందరి ముందూ నాతో చెప్పాడు. తోటి తల్లులు పలకరించడం మానేశారు. పిచ్చుక మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు బూట్లు తుడుచుకుంటూ, తల ఎత్తకుండా అంది.

"నువ్వు పిలిస్తే చూడకుండా ఉండటం నాకు రాదమ్మా. ఇంకెప్పుడూ పిలవకు."

దాంతో నేను కెమెరా మూలన పడేస్తానని అందరూ అనుకున్నారు. మీరూ అదే అంటారనే దాచాను. మర్నాటి ఆటకే వెళ్ళాను. ఇనప వల కంచెకి లెన్స్ పూర్తిగా ఆనించి తీస్తే ఆ తీగలు ఫోటోలో కనబడనే కనబడవు. కోచ్ గెంటేశాడు కనకే ఆ కిటుకు తెలిసింది. నోరు జారకుండా చేతిరుమాలు కుక్కుకున్నాను. నవ్వేవాళ్ళు నవ్వారు.

మొన్న ఆదివారం పిచ్చుక మళ్ళీ అదే దారిలో వచ్చింది. కంచె దగ్గరికొచ్చేసరికి తల కొంచెం నావైపు తిరగబోయింది, నేను చూశాను. రుమాలు గట్టిగా కొరికాను. పిల్ల తల తిప్పలేదు. నేల మీద జారుకుంటూ వెళ్ళి బేస్ అందుకుంది. ఆ రోజూ వాళ్ళ జట్టు ఓడింది, అది వేరే సంగతి.

ఫోటో ఈ కవరులోనే ఉంది. ముఖం లేదు. ఎగిరిన జడ, ఊడిపోయిన ఒక బూటు, బేస్ మీద మట్టి కొట్టుకున్న అరచెయ్యి. మీ లెక్కలో ఇది చింపి పారేయాల్సిన ఫోటో. చింపకండి. స్టూడియోలో వీధివైపు అద్దాల బీరువాలో, నా పెళ్ళి ఫోటో పక్కన పెట్టండి. అందులో అందరూ మిమ్మల్నే చూస్తుంటారు. ఒక్కతి తను పోయే చోటు చూసుకుంటే తప్పేం లేదు.

మీరు పెట్టకపోతే వేసవిలో వచ్చి నేనే పెడతాను. పెట్టి, మర్నాడే తిరిగొచ్చేస్తాను. బస్సెక్కేటప్పుడు మాత్రం నన్ను వెనక నుంచి పిలవకండి నాన్నగారూ. మీరు పిలిస్తే చూడకుండా ఉండటం నాకింకా రాలేదు.

ఇట్లు,
ఈ ఒక్కసారికి మీ మాట వినని
మీ చిన్నమ్మాయి