ఎండుచేపల వాసన కొట్టిన జర్మన్ కత్తి

విజయనగరం వాస్తవ్యుడను, ఇత్తడి, స్టీలు పాత్రల వర్తకుడను అయిన పొట్నూరు ఉమాపతి అను నేను, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి రాసుకున్న వీలునామా ఇది. నా బుద్ధి నిలకడగా ఉన్నదని డాక్టరు ధ్రువపరిచారు. జర్మన్ కత్తులు కొన్న రోజుల్లో మాత్రం లేదని నా భార్య కాంతం అంటుంది. రెండూ నమోదు చేయడమైనది.

1. దుకాణం, ఇల్లు, అందులోని సమస్త చరాస్తులు, కింద వేరుగా చెప్పినవి మినహా, నా భార్య కాంతానికి సర్వహక్కులతో చెందవలెను. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే. రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ సైనికుల కత్తులు పోగుచేసే పిచ్చి నాకు పట్టినప్పుడు ఆమె అడ్డు చెప్పలేదు. ఒక దసరాకి, ఆయుధపూజలో, కత్తి మీదున్న గుర్తు మన గుమ్మం మీది స్వస్తికమే అనుకుని కుంకుమ పెట్టింది. ఆ గుర్తు పెట్టుకుని ఎన్ని లక్షల మందిని చంపారో చెప్పాను. "ముందే సెప్పొచ్చు కదండీ" అని కుంకుమ తుడిచేసి, చేతులు కడుక్కుని వచ్చింది. ఆ కత్తి నకిలీదని కూడా చెప్పడానికి ఆ రోజు నాకు ధైర్యం చాలలేదు.

2. నా చెల్లెలి కొడుకు కళ్యాణ్‌కి, జర్మనీని ఆ యుద్ధకాలంలో ఏలినవాడి మీద భక్తి. "అలాటోడొకడు మనకీ రావాల మావా, దేశం దారిలో పడతాది" అనేవాడు, మడతమంచం మీంచి లేవకుండా. అద్దాల బీరువాలోని కత్తుల్లో నచ్చినది ఒకటి అతను తీసుకోవచ్చును. అవన్నీ నకిలీవని ఇందుమూలముగా తెలియజేయడమైనది. అతను నమ్మడు.

3. అతని ఉపయోగార్థం, అసలుది పోల్చుకునే పద్ధతి: కత్తి అలుగు, అంటే రేకు, పిడిని కలిసేచోట తయారీదారు గుర్తు చెక్కినట్టు స్పష్టంగా ఉంటుంది. నకిలీల్లో అది అరిగిన సబ్బుబిళ్ళ మీది పేరులా ఉంటుంది. సైన్యాధికారి కత్తి పిడి సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అయితే, బొటనవేలితో వేడెక్కేదాకా రుద్ది చూస్తే కర్పూరం వాసన వస్తుంది. పదును ఉండదు, నడుముకి అలంకారంగా వేలాడేది గనుక. అమ్మేవాడు కథ ఎంత చక్కగా చెబితే అంత అనుమానించవలెను.

4. బీరువాలో మిగిలిన నకిలీలన్నీ విశాఖపట్నంలో కత్తుల నిపుణుడిగా చలామణీ అవుతున్న ఉపేంద్ర గారికి. అక్కడి ప్రదర్శనలో ఆయన ముందు నేను రెండు కత్తులు పెట్టాను. మొదటిది నకిలీ. దాని పెట్టెలో అమ్మినవాడు కర్పూరం బిళ్ళలు పెట్టి ఇచ్చాడు. ఉపేంద్ర గారు తీర్థం పుచ్చుకున్నట్టు కళ్ళు మూసుకుని పీల్చి, అసలుదన్నారు. రెండోది కళింగపట్నంలో నాకు దొరికిన అసలుది. గుర్తు చూడలేదు, పిడి రుద్దలేదు. "ఎండుచేపల కంపు కొడతంది. ఇది జర్మనీది కాదండి, భావనపాడు చేపలరేవుది" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎవరో ఒకరు దాన్ని రుద్ది చూస్తారని భయం.

5. సదరు అసలు కత్తిని ఎవరికీ రాయడం లేదు. కారణం వివరిస్తున్నాను.

కళింగపట్నంలో బుల్లమ్మ అనే ఆవిడ ఆ కత్తి మొనతో ఎండుచేపల బుట్టల తాళ్ళ ముడులు విప్పుతుండగా చూశాను. అదేమిటో, దాన్ని కొనడానికి ఎంతమంది ఎగబడతారో ఆమెకు దాచకుండా చెప్పాను. ఆమె మామ కూర్మయ్య ఆ యుద్ధంలో ఇటలీ దాకా వెళ్ళిన సిపాయి.

"సచ్చిపోయిన కుర్రోడి సంచిలో దొరికినాదంట బాబూ. ఆ సంచిలోనే ఆల్లమ్మ పొటో ఉన్నాదంట. ముసిలైపోయినా మా మావ ఆ మాట సెప్పి ఏడిసీవోడు. నాకేటీ ఒద్దు, ఇది మా ఇంట్లోంచి ఎల్లిపోతే సాలు" అంది.

తెచ్చి గోదాములో విడిగా దాచాను. విడిగా దాచడం వల్లనే కళ్యాణ్‌కి అనుమానం వచ్చింది. "కంపు కొడితే ఏటి మావా, కడిగీసుకుంటాను. నడుంకి కట్టుకుని పొటో దిగి ఫేస్‌బుక్కులో పెడతాను" అన్నాడు. అప్పటికే పెట్టుకోవడానికి జర్మన్ సైనికుల టోపీ కూడా తెప్పించుకున్నాడు.

మర్నాడే కత్తి పట్టుకుని బుల్లమ్మ దగ్గరికి వెళ్ళి, ఏం చేయమంటావని అడిగాను. ఆమె తెలిసినవాళ్ళ పడవ ఎక్కి, నన్నూ ఎక్కమంది. వంశధార సముద్రంలో కలిసేచోటు దాటాక, కత్తిని కొంగుతో తుడిచింది.

"ఎల్లిపో బాబూ, మీ యమ్మకాడికి ఎల్లిపో" అని నీళ్ళలోకి వదిలేసింది.

నా చెయ్యి నాకు తెలియకుండానే దాని వెనక పోయింది. బుల్లమ్మ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగి కూర్చోబెట్టింది. ఒడ్డుకు వచ్చేదాకా వదల్లేదు.

కావున ఆ కత్తి కోసం ఇల్లు, దుకాణం, గోదాము ఎవరూ వెతకరాదు. కళ్యాణ్ ఇది చదివి వలవాళ్ళను మాట్లాడుకుని కళింగపట్నం బయల్దేరినచో, పడవ ఖర్చు నా ఆస్తి నుంచి ఇవ్వరాదు.

విజయనగరం, 2016 ఆగస్టు 22.

(సంతకం) పొట్నూరు ఉమాపతి

ఉమాపతి గారు పైదంతా మా ఎదుట చదువుకుని, ఒకచోట ఆగి కళ్ళద్దాలు తుడుచుకుని, సంతకం చేయగా చూసిన సాక్షులు:

గంగులు, టైలరు, పక్క దుకాణం
జగన్నాధం, రిటైర్డ్ పోస్ట్‌మాన్