కుడివైపు నాలుగు అంగుళాలు

హెప్సిబా అక్కకు,

ప్రభువు పేరట నీ చిన్న తమ్ముడు దానియేలు వందనాలు. గద్వాలలో నేను, శిల్ప, పాప, ప్రభుదాసు అన్న అందరం తిని తిరుగుతున్నాం, దేవుని దయ. పూణేలో నువ్వు, బావ, పిల్లలు కూడా అట్లనే ఉన్నారనుకుని మొదలుపెడుతున్నా. దుకాణంలో కూర్చుని ఫోన్‌లో టైపు చేస్తున్నా కాబట్టి తప్పులుంటే సర్దుకుని చదువు. గిరాకీ వస్తే ఆపుతా, వాళ్లు పోగానే మళ్లీ అందుకుంటా.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పాప దగ్గు తగ్గింది. దవాఖానకు రెండుసార్లు తిరిగాం, ఇప్పుడు బడికి పోతోంది. మానవపాడు ఇంటి మీద రేకులు వానలకు ముందే మార్పించాం, వంటింట్లో ఒక్కచోట మాత్రం ఇంకా కారుతోంది, అక్కడ తపేలా పెట్టాం. నువ్వు పంపిన చీర శిల్పకు నచ్చింది. ఫొటోలో ఒక రంగు, చేతిలో ఒక రంగు అని సణిగింది కానీ ఆదివారం చర్చికి అదే కట్టుకుంది. నా నడుము నొప్పి అట్లే ఉంది. వంగి కొలతలు తీసే పని కదా, అది పోయేది కాదు.

ఇక నీ చివరి ప్రశ్న. రాధమ్మ చిన్నమ్మ ఉన్నట్టుండి ఫోన్ చేసి, నీ గొంతు వినగానే "నువ్వేనా బిడ్డా, బతికే ఉన్నవా" అని ఏడ్చిందని రాశావు. ఆమెకు మతి గాని తప్పిందా అని అడిగావు. చిన్నమ్మ మతి బాగానే ఉందక్కా. తప్పు నాది. అన్న వేసిన నీ బొమ్మను నేను పాడు చేశాను. దానివల్ల వనపర్తిలో చాలామంది నువ్వు చనిపోయావని అనుకుంటున్నారు. నవ్వాలో ఏడవాలో నాకే తెలియడం లేదు. మొదటినుంచి చెప్తా, జర ఓపిక పట్టు.

నువ్వు మే నెలలో వచ్చి పోయాక అన్నకు బొమ్మల పిచ్చి ఇంకా ముదిరింది. ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని పోయింది కదా, వారమంతా బడి గోడల మీద అక్షరాలు, పండ్లు, జంతువులు వేస్తాడు. ఆదివారం ప్రార్థన అయిపోగానే అట్ట, రంగుల డబ్బాలు, మడత స్టూలు పట్టుకుని బయటపడతాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు వైపుల నుంచి ఇట్లాంటివాళ్లు ఇరవై మంది దాకా జమయ్యారు. ఒక నర్సు ఉంది, అయిజ నుంచి విత్తనాల దుకాణం ఆయన ఒకడు వస్తాడు. వనపర్తిలో డ్రాయింగ్ చెప్పే జయశ్రీ టీచర్ వీళ్లందరికీ పెద్ద. ఏ చెరువు గట్టుకో, ఏ సంతకో పోయి కూర్చుంటారు. వాళ్లకో నియమం ఉంది. కళ్ల ముందు ఉన్నదే వెయ్యాలి, పొద్దు గూకేలోపు అక్కడే ముగించాలి, ఇంటికి తెచ్చి దిద్దకూడదు. నువ్వు వచ్చినప్పుడు నీ బొమ్మ కూడా రాజోలి కాడ తుంగభద్ర ఒడ్డున అట్లా వేసిందే.

మొన్న వనపర్తి లైబ్రరీ హాల్లో వీళ్ల బొమ్మలన్నీ పెట్టారు. ఇంతకుముందు దండెం కట్టి బట్టల క్లిప్పులతో తగిలించేవాళ్లు, ఈసారి ఫ్రేములు కట్టిద్దామన్నారు. మన ఫ్రేముల దుకాణం ఉంది కదా అని నేనే చేస్తానన్నాను. చూడటానికి వచ్చినవాళ్లకు చేతిలో ఒక చింతగింజ ఇస్తారు. నచ్చిన బొమ్మ కింద ఉన్న గ్లాసులో వెయ్యాలి. ఎక్కువ గింజలు పడిన బొమ్మను తర్వాత నాగర్‌కర్నూల్‌లో పెట్టేటప్పుడు గుమ్మానికి ఎదురుగా తగిలిస్తారు.

ఇరవై రెండు బొమ్మలకు నాకు దొరికింది రెండు రోజులు. అన్నీ ఒకే సైజు ఉన్నాయి. అన్నది ఒక్కటే పొడుగు, మిగిలిపోయిన అట్టలో తనే కోసుకున్నాడట. అద్దాలన్నీ ఒకే కొలతకు కోయించి పెట్టుకున్నా. మన పని నీకు తెలుసు కదా. క్యాలెండర్ తెచ్చి దేవుడి ఫొటో కట్టమంటే కింద తేదీలు, దుకాణం పేరు కోసేసి కడతాం. ఎవరూ ఏమనరు. చేతికి అదే అలవాటు. అన్న బొమ్మ తీసి చూస్తే కుడిపక్క నువ్వు బండ మీద కూర్చుని ఉన్నావు, ఎడమపక్క నాలుగు అంగుళాలు ఉత్త ఇసుక. ఈ ఇసుక పోతే ఏం కాదులే అనుకున్నా. రంగు గీసుకుపోకుండా బొమ్మను గుడ్డ మీద బోర్లా వేసి, వెనకనుంచి గీత గీసి, ఎడమపక్క కోసేశాను. బోర్లా వేస్తే ఎడమ కుడి అవుతుందని ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాడికి ఆ నిమిషం తట్టలేదు.

తిప్పి చూడలేదా అంటావు. ఫ్రేము బోర్లానే కడతాం కదక్కా. అద్దం, బొమ్మ, వెనక మెత్తగా ఉండటానికి ఏదో ఒక అట్టముక్క, ఆ మీద చెక్క, మేకులు. బయట ట్రాలీ ఆటో హారన్ కొడుతోంది. పేపర్ చుట్టి ఎక్కించేశాను.

హాల్లో గోడకు తగిలించాక చూశాను. నువ్వు లేవు. బండ కూడా సగమే ఉంది. నీ నీడ మాత్రం ఇసుక మీద పొడుగ్గా సాగి నీళ్లదాకా పోయింది. కింద చీటీ మీద అన్న చేతిరాత: మా అక్క.

అన్న వచ్చి నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. నేను పక్కకు తీసుకుపోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిడతాడనుకున్నా. "ముక్క యాడుంది" అని ఒక్క మాట అడిగాడు. తెలియదన్నాను, నిజంగానే తెలియదు. సరే అని పోయి స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. వచ్చినవాళ్లందరూ ఆ బొమ్మ దగ్గరే ఆగుతున్నారు. చీటీ చదువుతారు, నీడను చూస్తారు, గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. ఎవరో రిటైరైన సార్ అయితే, మనిషిని వెయ్యకుండా మనిషి పోయిన దుఃఖాన్ని వేశాడని పదిమందికి వివరించాడు. తర్వాత అన్న భుజం మీద చెయ్యేసి అడిగాడు.

"ఏమైండె నాయనా మీ అక్కకు?"

"ఏం కాలే సార్, పూణేల ఉంటది."

"ఉంటది నాయనా, యాడ ఉన్నా మనల్ని చూస్తనే ఉంటది."

గ్లాసు నిండి గింజలు కింద పడ్డాయి, ఇంకో గ్లాసు తెచ్చి పెట్టారు. ఆ రోజు రాధమ్మ చిన్నమ్మ వనపర్తిలో కొడుకు ఇంటికి వచ్చి ఉందట, మనుమరాలితో హాలుకు వచ్చింది. నేను చూడనేలేదు. ఆమె బొమ్మ చూసింది, చీటీ చదివించుకుంది, ఎవరినీ అడగకుండా ఇంటికి పోయింది. ఎట్లాగైనా తెలుసుకుందామని నీకే ఫోన్ చేసింది పిచ్చి తల్లి. నిన్న పోయి అంతా చెప్పి వచ్చాను. నువ్వు తిట్టేలోపే నాకు అక్కడ నాలుగు అక్షింతలు పడ్డాయి.

ఇంతవరకు చదివి నువ్వు నవ్వుకునే ఉంటావు. ఇప్పుడు రాసేది ఎట్లా రాయాలో నాకు తెలియడం లేదు. ఒక గిరాకీని కూడా రేపు రమ్మని పంపించేశాను.

ఆ ముక్క దొరికిందక్కా. ఫ్రేములన్నీ మళ్లీ దుకాణానికి వచ్చాయి. ఒక్కొక్కటే వెనక మేకులు పీకి చూస్తూ పోతే తొమ్మిదో దాంట్లో, నర్సు వేసిన మేకల బొమ్మ వెనకాల మెత్త కోసం పెట్టి ఉంది. పెట్టింది నేనే. మధ్యలో ఒక మడత పడింది, రంగు పోలేదు. కిటికీ దగ్గరికి తెచ్చి చూశాను. అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

మొహం బొటనవేలి గోరంత ఉంటుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నావు. ఎండకు కళ్లు చిట్లించావో, ఇంకెందుకో చెప్పలేను, రెండు చిన్న గీతలు అవి. కానీ నీ పక్కన బండ మీద నీలం బ్యాగు ఉంది. పూణే నుంచి తెచ్చుకున్నదే, జిప్పు పట్టనంత ఉబ్బి ఉంది. సాయంత్రం రెండు గంటల సేపు ఏటి ఒడ్డున కూర్చోవడానికి బట్టల బ్యాగు ఎందుకక్కా?

ఆ రోజు ఎవరికో ఫ్రేములు ఇవ్వడానికి నేను మీకంటే ముందే రాజోలి ఊళ్లోకి పోయాను, మీరిద్దరూ బస్సులో వచ్చారు. పొద్దు గూకాక నేను ఆటో తీసుకుని వచ్చేసరికి నువ్వు నవ్వుతూ లేచావు. నన్ను చీమంత వేశాడు చూడరా అన్నావు. ఆటోలో ఏదో బ్యాగు నా కాలికి తగిలింది. అన్న రంగుల సామాను అనుకున్నా.

ముక్క జేబులో పెట్టుకుని అన్న పనిచేసే బడికి పోయాను. గోడ మీద నెమలి వేస్తున్నాడు. దొరికిందని చెప్పకుండానే అడిగాను.

"అన్నా, ఆ దినం అక్క బ్యాగెందుకు తెచ్చింది?"

"తెల్వదు."

"పక్కననే ఉన్నవ్ గదా."

"ఉన్న."

"మరి అడగలేదా?"

కుంచెను నీళ్ల డబ్బాలో ముంచి తిప్పాడు.

"అడిగితే లేచిపోతదనుకున్న. పొద్దు దిగుతుండె. గట్లనే కూసోనిచ్చిన." కుంచె దులిపి, "ఎదురుంగ ఉన్నది ఏసిన, దానీ. నాకు గంతే తెల్సు" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. బొమ్మ కోసం అక్కను అడగకుండా కూర్చుంటాడా మనిషి అనిపించింది. నడుచుకుంటూ వస్తుంటే ఇంకోటి అనిపించింది. ఆ రెండు గంటలు నిన్ను ఏమీ అడగకుండా కూర్చోనిచ్చినవాడు మా అందరిలో అన్న ఒక్కడేనేమో. ఏది నిజమో నాకు తెలియడం లేదు. అన్న చేసింది మంచో చెడో కూడా తెలియదు. కానీ నేను చేసింది నాకు తెలుసు, అది నీకు చెప్పాలి.

రాజోలి నుంచి వచ్చిన మరునాడు పొద్దున నువ్వు చాయ్ తాగుతూ, "ఇంకో నాలుగు దినాలు ఉంటా రా, దానీ" అన్నావు. గుర్తుందా? నేను ఫోన్‌లో ఏదో చూస్తూ, "టికెట్ అయింది గదక్కా, బావ ఎదురుచూస్తుంటడు" అన్నాను. నువ్వు సరే అన్నావు. పోయి నేనే బస్సు ఎక్కించాను. సీటు కిటికీ పక్కన దొరికిందని సంతోషపడ్డాను. ఇంటికి వచ్చి శిల్పతో కూడా ఆ మాట చెప్పలేదు, చెప్పదగ్గ మాట అని అనిపించలేదు. ఈ వారమంతా అద్దం కోస్తుంటే ఆ మాటే చెవిలో ఉంటోంది. నువ్వు నాలుగు రోజులు అన్నది నాలుగు రోజులేనా?

నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానేమో. ఉతకాల్సిన బట్టలు తెచ్చుకున్నావేమో, చిన్నమ్మ ఇంటికి పోదామనుకున్నావేమో. అట్లయితే రాయి, నన్ను తిట్టి రాయి, హాయిగా నవ్వుకుంటా. ఫోన్‌లోనే అడగొచ్చు కానీ నేను చేసిన ప్రతిసారీ బావ స్పీకర్ పెట్టమంటాడు. మా మీద ప్రేమ అనుకునేవాణ్ని. ఇప్పుడు అదీ అర్థం కావడం లేదు. అందుకే ఇంత పొడుగు టైపు చేస్తున్నా. చదివాక తీసెయ్యి.

బొమ్మ సంగతి కూడా నీ చేతిలోనే ఉంది. వచ్చే నెల రెండో ఆదివారం నాగర్‌కర్నూల్‌లో పెడతారు. జయశ్రీ టీచర్ ఫోన్ చేసి, అది ఉన్నది ఉన్నట్టే ఉండనీ, ముక్క దొరికినా అతికించొద్దు, గింజలు పడ్డది ఆ నీడకే అంది. కొత్తగా వేద్దామంటే వాళ్ల నియమం ఒప్పుకోదు, నువ్వు వచ్చి అక్కడ కూర్చుంటే తప్ప. చివరికి అన్నకు ముక్క చేతిలో పెట్టాను. మడత పడిన చోట బొటనవేలితో నిమిరి మళ్లీ నాకే ఇచ్చేశాడు. "అక్కనడుగు. అక్క చెప్పేదాంక యాడికీ పంపను" అన్నాడు. టీచర్‌కు కూడా అదే చెప్పాడు. ఆమెకు కోపం వచ్చినట్టుంది.

అది తగిలించినా, తగిలించకపోయినా నాకు ఒకటే అక్కా. నాకు కావలసింది ఇంకో జవాబు. ఆ దినం ఏమైంది? అన్న అడగలేదు, నేను విననేలేదు, ఇప్పుడు అడుగుతున్నా. రాయలేకపోతే రాయకు. శిల్ప మేడ మీది గది దులిపి పెట్టింది, ఎవరికని నన్ను అడగలేదు. పిల్లలను తీసుకునో, ఒక్కదానివో, ఎట్లా వచ్చినా సరే. ఈసారి టికెట్ నేను తీయను. నువ్వే తీసుకో, వచ్చేదానికి మాత్రమే తీసుకో.

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తుండే
చిన్న తమ్ముడు దానియేలు