ఓబులమ్మ పూచీ

కోసిగి

కడపలో మనుషులను ఎంచి కంపెనీలకు పంపే ఆఫీసు ఉమామహేశ్ గారికి, కోసిగి ఓబులమ్మ చెప్పి రాయించే ఉత్తరం. మీరూ మీ ఇల్లూ చల్లగా ఉండాలి. నేనైతే చల్లగా లేను.

నాకు చదువు రాదు. పోస్ట్‌మ్యాన్‌గా చేసి దిగిపోయిన మా వీధి దావీదురాజు రాస్తున్నాడు. నేను చెప్పేది మా మాట, అతను రాసేది బడి మాట. ఇందులో మెత్తని మాట ఏదైనా కనిపిస్తే అది అతనిది.

ముందు మీ ఆఫీసుకు ఫోనే చేశాను. ఒక ఆడమనిషి ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది. నేను ఎంత మాట అన్నా ఆమెకు కోపం రాదు. కోపం రాని మనిషితో తగువు ఎట్లా పెట్టుకునేది? అందుకే రిజిస్టరు పోస్టు.

సంగతి ఇది. రమణి నా కొడుకు కూతురు. ఆదోనిలో బీకాం చదివింది. కర్నూలు దగ్గర సోలార్ పలకలు పెట్టే కంపెనీ గోదాములో సామాను చూసుకునే పని ఉందని ఫోన్లో చూసి, ఆ ఫోన్లోనే మీకు అర్జీ పెట్టింది. మీరు నాకు ఫోన్ చేసి పిల్ల ఎలాంటిదని అడిగారు. ఇంటి పెద్ద ఎట్లా చెప్పాలో అట్లాగే చెప్పాను. మీరు కూడా మర్యాదగా విన్నారు. తెల్లారేసరికి రమణి ఫోన్లో 'విచారిస్తున్నాము' అని వచ్చింది. ఎందుకు విచారిస్తున్నారో నాకు తెలియాలి. నేను అంత బాగా చెప్పినాక కూడా తీసేశారంటే ఎవరిదో సిఫారసు పనిచేసి ఉండాలి.

దీపావళి దాటితే గుంటూరు వైపు పత్తి కోతలకు మా ఊరి బండ్లు కదులుతాయి. అంతలోగా పని రాకపోతే రమణి మళ్లీ బండి ఎక్కాలి. దాన్ని చదివించింది ఆ బండి ఎక్కించడానికి కాదు.

జవాబు కోసం కూర్చున్న,
ఓబులమ్మ (వేలిముద్ర)

తా.క.: రాసినవాడు దావీదురాజు. ఓబులమ్మ గారు చెప్పిన వాటిలో తపాలా శాఖ ద్వారా పంపదగని మాటలు కొన్ని తీసేశాను. క్షమించగలరు.

*

కడప

గౌరవనీయులైన ఓబులమ్మ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మా ఆఫీసుకు చేతిరాతతో ఉత్తరం రావడం ఇదే మొదలు. దాన్ని ఏ ఫైల్లో పెట్టాలో ఎవరికీ తెలియలేదు.

ఇందులో సిఫారసు ఏమీ లేదు. ఇప్పుడు మాంద్యం నడుస్తోంది. ఉన్న ఉద్యోగాలే పోతున్నాయి కాబట్టి ఒక్క పనికి వందల అర్జీలు వస్తాయి. మొదట కంప్యూటరు జల్లెడ పడుతుంది. అందులో నిలిచిన వాళ్ల పూచీదారులకు, అంటే వాళ్ల పనితనం ఎరిగిన వాళ్లకు, నేను ఫోన్ చేస్తాను.

రమణి మిమ్మల్ని 'కూలీల మేస్త్రి, ఈమె కింద పనిచేశాను' అని రాసింది. అవ్వ అని రాయలేదు. ఆ సంగతి మీ ఉత్తరంతోనే తెలిసింది. ఆ రోజు మీరు చెప్పినది నేను రాసుకున్నాను: 'అదొక సోమరిది. ఒక పని చేతనయి చావదు. దాన్ని పనిలో పెట్టుకున్నోడు ఆర్నెల్లలో అడుక్కుతింటాడు.' కింద పనిచేయించుకున్న మేస్త్రి ఇంత మాట అన్నాక నేను ఆ అర్జీని ముందుకు ఎట్లా పంపగలను?

మీ మనవరాలికి మంచి అవకాశం రావాలని కోరుకుంటూ,
ఉమామహేశ్

తా.క.: 'ఒకటి నొక్కండి' అనే ఆవిడ మనిషి కాదు, యంత్రం. ఆవిడ మీద నాకూ కోపం ఉంది.

*

కోసిగి

నాయనా ఉమామహేశూ, ఇంత తెలివితక్కువగా ఎట్లా బతుకుతున్నావో అని దిగులుపడుతూ ఓబులమ్మ రాయించేది.

అన్నాను. ఎందుకు అనను? ముక్కూ మొహం తెలియని మగమనిషి పొద్దున్నే ఫోన్ చేసి మీ పిల్ల ఎలాంటిది అని అడిగితే, బంగారం, దాని అంత తెలివైనది తాలూకాలో లేదు అని చెప్పి దిష్టి తగిలించుకునేదా? అది పుట్టిన రోజు నుంచి దాన్ని మెచ్చుకున్న పాపాన పోలేదు. అందుకే అంత బాగుంది. నీకు ఇంట్లో అవ్వ లేదా? ఉంటే నిన్ను ఏమని పిలిచేది?

మీకు మాంద్యం అన్నావు. మేము దాన్నే కరువు అంటాము. కరువులోనే మనిషిని సరిగ్గా ఎంచాలి. నేను ముప్పై మందిని బండికెక్కించుకుని పరాయి జిల్లాకు పోయేదాన్ని. నీకు పనికొస్తుందని చెబుతున్నా, రాసుకో. ఎవరైనా పిల్లను తిడుతుంటే తిట్టు వినవద్దు, గొంతు విను. పొయ్యి మీద పాలు పెట్టి మనసు అటు ఉంచుకుని తిడితే అది సొంత తిట్టు, దాన్ని మెప్పు కింద రాసుకో. నింపాదిగా, ఊపిరి తీసుకుంటూ తిడితే అప్పుడు భయపడు. మెత్తగా నవ్వుతూ 'పరవాలేదు, మంచిదే' అంటే ఫోన్ పెట్టేసి వేరే పిల్లను చూసుకో.

కాబట్టి నేను చెప్పినది తిరగేసి రాసుకుని పని ఇచ్చేయి. ఈ సంగతి రమణికి తెలియదు. తెలియకూడదు.

నీ మేలు కోరే,
ఓబులమ్మ (వేలిముద్ర)

తా.క.: పోయిన ఉత్తరంలో దావీదు నా మాటలు కోసేశాడని నీ జవాబు నెమ్మదిని బట్టే తెలిసింది. అవి నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

*

కడప

అమ్మా ఓబులమ్మ గారూ, మీకు వినయంగా రాయునది.

మాది ఒంటిమిట్ట. మా నాయనమ్మ నన్ను పన్నెండో తరగతి దాకా 'కోతి మొగమోడు' అనే పిలిచింది. ఆమె పోయాక ఎవరూ అట్లా పిలవలేదు. మీ ఉత్తరం చదివాక కాసేపు పని చేయలేకపోయాను.

అయినా తిరగేసి రాసుకోవడానికి మా కంప్యూటర్లో చోటు లేదు. తిట్టును మెప్పుగా మార్చితే నా ఉద్యోగమే పోతుంది. చేయగలిగింది చేశాను. కంపెనీవాళ్లు ఇంకా ఎవరినీ ఖాయం చేయలేదు కాబట్టి రమణి అర్జీని మళ్లీ తెరిచాను. చూస్తే ఇంకో చిక్కు ఉంది. ప్రతి ఏడాదీ కొన్ని నెలలు కాలేజీలో ఆమె హాజరు లేదని కంప్యూటరు 'నిలకడ లేదు' అని గుర్తు పెట్టింది. ఆ నెలల్లో ఆమె కోతలకు పోయిందని, అది ఖాళీ కాదు, పని అని నేనే పక్కన రాశాను.

ఇక బయటివాళ్ల పూచీ కావాలి. రమణిని అడిగితే మీ ఊరి పేర్లు ఇచ్చింది: కూలీల బండి నడిపే సుంకప్ప, పక్కింటి గిడ్డమ్మ, పోయిన ఏడాది ఎవరి ముఠాలో పత్తికి పోయిందో ఆ లక్ష్మక్క. గురువారం ఫోన్ చేస్తాను. వాళ్లు మంచీ చెడూ రెండూ ఉన్నదున్నట్టు చెప్పాలి. దయచేసి వాళ్లకు ఎవరూ ఏమీ నేర్పవద్దు.

మీ,
ఉమామహేశ్

తా.క.: 'ఎవరూ' అన్నది మిమ్మల్ని ఉద్దేశించే.

*

కోసిగి

చిరంజీవి ఉమామహేశుకు, నీ పని సగం నేనే చేసిపెట్టిన సంతోషంతో ఓబులమ్మ రాయించేది.

ఎవరికీ ఏమీ నేర్పవద్దు అన్నావు. నేర్పలేదు. గుర్తు చేశానంతే. ఈ ఊరి మనుషులకు పిల్లను మెచ్చుకోవడం అలవాటు లేదు. గిడ్డమ్మను అడిగితే 'దాని మొగం, దానికేమి తెలుసు' అంటుంది, ఆమెకు రమణి అంటే ప్రాణం. అందుకని సుంకప్పను, గిడ్డమ్మను మా అరుగు మీద కూర్చోబెట్టి మెచ్చుకోవడం చెప్పించాను. సుంకప్పకు నోరు తిరగలేదు. ఉప్పు, మిరపకాయలు పక్కనే పెట్టుకున్నాను. వాళ్లు ఒక్కొక్క మంచి మాట అన్నప్పుడల్లా పిల్లకు దిష్టి తీసేశాను. ఇల్లంతా ఒకటే ఘాటు. రమణి దగ్గుతూ వచ్చి, ఏమి జరుగుతోందవ్వా అంది. వంట అన్నాను.

భయమంతా లక్ష్మక్క గురించే. ఆమె నా తరువాత ముఠా పెట్టిన మేస్త్రి. నా మనుషులను సగం మందిని లాక్కుంది. నేను ఆమెతో మాట్లాడి ఏండ్లయింది. రమణి నాకు చెప్పకుండా పోయిన ఏడాది ఆమె ముఠాలో పోయింది. అక్కడ ఏదో గొడవ పడి వచ్చింది. ఏమి గొడవో ఇద్దరూ చెప్పరు. పిల్ల కోసమని ఆమె గడప దాకా పోయాను. పోయి, మాట్లాడలేక తిరిగి వచ్చాను.

అప్పా, ఆ ఒక్కదానికి ఫోన్ చేయవద్దు. ఆమె తిడితే నింపాదిగా తిడుతుంది.

నిన్నే నమ్ముకున్న,
ఓబులమ్మ (వేలిముద్ర)

తా.క.: దావీదురాజు రాయునది. 'నిన్నే నమ్ముకున్న' అని ఆమె నిజంగానే అన్నారు. నేను కలపలేదు. నలభై ఏళ్లుగా ఎరుగుదును, ఎవరితోనూ అట్లా అనలేదు.

*

కడప

అవ్వా, నమస్కారం. గురువారం సంగతులు వరసగా రాస్తున్నాను. చివరిదాకా వినిపించుకుని తరువాతే తిట్టండి.

గిడ్డమ్మ గారు రమణి ముత్యం, ఎండలో నీడ, ఊరికే దీపం అన్నారు. చాలా బాగుంది అనుకున్నాను. తరువాత సుంకప్ప గారు ఫోన్ ఎత్తి, ముత్యం, ఎండలో నీడ అని చెప్పి, 'ఈడ రవ్వంత నిలిపి ఊపిరి తీసుకో సుంకప్పా' అని కూడా అన్నారు. ఆ తరువాతే దీపం దగ్గరికి వచ్చారు. ఆ పూచీలు రెండూ పక్కన పెట్టేయాల్సి వచ్చింది.

మిగిలింది లక్ష్మక్క గారు. మీరు వద్దన్నా చేశాను. ఆమె చెప్పినది ఒక్క మాట మార్చకుండా రాసుకున్నాను.

'ఆ పిల్లా? దాని పేరెత్తొద్దప్పా. పత్తి మింద రవ్వన్ని నీళ్లు చల్లితే ఏమయితాది? బరువు తూగుతాదని అందరూ చల్లేదే. తూకం రాయమని దాన్ని కూచోబెడితే, ఆరేదాంక రాయనంటే రాయననె. అమ్మా అంటి, తల్లీ అంటి. నా ముఠాలోకి ఇంగ రావద్దంటి. ఇనలే. పొద్దు గూకేదాంక నా పత్తి కాడ్నే కూచోని, ఆరినాక పిలిచి రాసె. మళ్ల నవ్వుకుంటా నాకు నీళ్లు తెచ్చిచ్చె. అదే నాకు మంట. ఇంతకీ గోదాములో పనా? ఐతే ఆ గోదాములో ఎవురికీ సుఖం ఉండదు.'

అవ్వా, ఆమె చాలా నింపాదిగా తిట్టారు. ఊపిరి కూడా తీసుకున్నారు. మీరు భయపడమన్నారు కానీ నాకు భయం వేయలేదు. ఆ మాటలు యథాతథంగా కంపెనీకి పంపాను. వాళ్ల గోదాములో సామాను చెప్పా పెట్టకుండా బయటికి పోతోందట. ఈ పిల్లే కావాలి, సోమవారం రమ్మనండి అన్నారు. ఈపాటికి రమణి ఫోన్‌కు ఆ కబురు అంది ఉంటుంది.

ఇక నా సంగతి. నెలాఖరుకు మా కడప ఆఫీసు మూసేస్తున్నారు. ఇన్నాళ్లూ మనుషులను జల్లెడ పట్టినవాణ్ని, ఇప్పుడు నేనే జల్లెడలో పడ్డాను. కర్నూలులో ఒక ఆసుపత్రికి మనుషులను ఎంచే పని ఉంటే ఫోన్లో అర్జీ పెట్టాను. నా పనిని దగ్గరుండి చూసినవాళ్ల పేరు పూచీకి అడిగారు. నా పని మీద ఇంత పట్టుగా తగువులాడిన మనిషి మీరు ఒక్కరే. మీ పేరు ఇచ్చాను. వాళ్లు ఫోన్ చేస్తారు. అవ్వా, ఆ ఒక్క రోజు దిష్టి సంగతి మరిచిపోండి.

మీ,
ఉమామహేశ్

తా.క.: రెండు మంచి మాటలు చాలు. ముత్యం వద్దు.

*

కోసిగి

ఒరే ఉమామహేశూ, ఉత్తరానికంటే ఫోను ముందు వస్తుందని పోస్టు మీద బతికిన దావీదుకైనా తట్టలేదు, నీకూ తట్టలేదు. నెత్తి పట్టుకుని రాయిస్తున్నాను.

నీ ఉత్తరం మొన్న వచ్చింది. ఆసుపత్రి ఫోను దానికి ముందు రోజే వచ్చింది. ఎవరో ఆడపిల్ల, పేరు శివకుమారి అంది. ఉమామహేశ్ అనే ఆయన ఎలాంటివాడు అని అడిగింది. నాకేమి తెలుసు, నువ్వు పని వెతుక్కుంటున్నావని? పొయ్యి మీద పాలు ఉన్నాయి. నోటికి వచ్చినట్టు అనేశాను.

'వాడా? ఉత్త మొండోడు. ముసల్ది తిడితే ఊరుకోవాల్నా, ఊరుకోడు, జవాబు రాస్తాడు. వద్దన్న మనిషికే ఫోన్ చేస్తాడు. ఒక పిల్ల సంగతి తేలేదాంక నిద్ర పోడు, పోనీడు. వాన్ని పెట్టుకుంటే మీకూ నిద్దర ఉండదు.'

ఆ పిల్ల, 'మాది ఆలూరవ్వా. మా అవ్వ గూడ నన్ను ఇట్లే తిడతాది. ఆయప్ప నీకేమయితాడు?' అంది. ఏమీ కాడు, ఇంకా మొహం కూడా చూడలేదు అన్నాను. 'చూడని మనిషినే ఇంత తిడితివంటే చూసినాక ఎంత తిడతావో' అని నవ్వి పెట్టేసింది. నీ ఉత్తరం చదివించుకున్నాక గానీ నేను చేసిన పని తెలియలేదు. అన్నం ముట్టలేదు. దావీదును తిట్టాను, పాలను తిట్టాను. ఎంతకీ ఆగలేక ఆ సాయంత్రం నేనే ఆ పిల్లకు ఫోన్ చేయించాను, తిరగేసి రాసుకోమ్మా అని చెబుదామని. అవసరం లేదవ్వా, వినేటప్పుడే తిరగేసి రాసుకున్నా అంది. నిన్ను ఒకటో తారీకు రమ్మంటున్నారు. కాగితం నీ ఫోన్‌కు వస్తుందట. ఈసారి ఫోనే ముందు రావాలి.

బండ్లు రేపు కదులుతాయి. రమణి ఎక్కదు. అది నిన్ననే కర్నూలు బస్సు ఎక్కింది. పోయే ముందు లక్ష్మక్క చెప్పినదంతా దానికి చదివించి వినిపించాను. ఎగిరి గంతేయలేదు, ఆమె పత్తి నిజంగానే శానా తడి అవ్వా అంది. బస్సు పోయినాక లక్ష్మక్క ఇంటికి పోయాను. ఇన్నేండ్లకు నోరు తెరిచి, నా మనవరాలిని ఎందుకట్లా తిడితివని అడిగాను. ఆమె చాప వేసింది. పొద్దు గూకేదాకా ఇద్దరం కలిసి ఆ పిల్లను తిట్టుకున్నాము. కడుపు నిండింది.

నువ్వు కర్నూలు వచ్చినాక కోసిగి ఎంత దూరం.

ఇట్లు, నీ పూచీదారు, నీ అవ్వ,
ఓబులమ్మ (వేలిముద్ర)

తా.క.: ఈ ఉత్తరంలో ఒక్క తిట్టు కూడా తీయలేదు. — దావీదురాజు

ఇంకో తా.క.: ఫోటో ఒకటి పంపు. మొహం బాగుంటే కోతి మొగమోడు అని జవాబు రాయిస్తాను. బాగలేకపోతే మాత్రం పరవాలేదు, మంచివాడే అంటాను. నీకు ఏ ఉత్తరం వస్తుందో చూసుకో.