దండాలు లేని ప్రసంగం

బంగారూ,

నిన్న పార్లమెంటులో నువ్వు మాట్లాడుతుంటే టీవీ ముందు లేచి నిలబడిపోయాను. మోకాళ్ళ నొప్పి సంగతి తరవాత గుర్తొచ్చింది.

పోయినసారి నీకిచ్చిన సమయమంతా మీ పార్టీ నాయకుడికి, ఆయన కొడుక్కి, సభాపతికి దండాలతోనే సరిపోయింది. "ఇక మా ప్రాంతం..." అనేసరికి మైకు కట్టేశారు. "మీ మనవరాలు బాగానే మొక్కిందండీ, వరం అడగడమే మరిచిపోయింది" అని పక్కింటి దర్జీ నన్ను దెప్పాడు.

నిన్న మాత్రం లేస్తూనే "మా వంతెన కూలి రెండేళ్ళయింది. నొప్పులొస్తే ఆడవాళ్ళు పడవెక్కి ఆసుపత్రికి పోతున్నారు" అన్నావు చూడు! ఎదుటి పక్షం వాళ్ళు కూడా కేకలు మానేశారు. ఈ ఏడే పని మొదలుపెడతామని మంత్రి ఒప్పుకోక తప్పలేదు. దర్జీ కత్తెరతో సహా వీధిలోకి పరిగెత్తి, "వంతెన వచ్చేసిందర్రా!" అని అరిచాడు. వాళ్ళావిడ మాత్రం "ముందు ఆ కత్తెర కింద పెట్టి అరవండి" అంది.

తన పేరెత్తలేదని మీ నాయకుడు మండిపడుతున్నాడనీ, వచ్చే ఎన్నికల్లో టికెట్టు ఇవ్వడనీ ఫోనులో ఏడ్చావు. ఏడవకు తల్లీ. టికెట్టు ఇచ్చేది ఆయనే కావచ్చు. ఓటు వేసేవాళ్ళు మాత్రం ఆ పడవలో కూర్చుని ఉన్నారు.

మీ అమ్మమ్మ