ముప్పైతొమ్మిదిన్నర

ఇంటి దగ్గర,
14వ తేదీ, మంగళవారం,
ఉదయం తొమ్మిదీ పది.

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టి, సిగ్గేసి, కాగితం మార్చాను. మీ అత్తయ్య బాగానే ఉంది, మోకాలి నొప్పి తగ్గింది. మీరు క్షేమంగా లేరని ఆదివారం అమ్మాయి ఫోనులో చెప్పింది. ఒకటో తారీకు నుంచి మనవరాలు పిచ్చుకని తీసుకుని వేరే చోట అద్దె గదిలో ఉంటోందట. నాలుగేళ్ళ పసిదానికి ఒళ్ళు కాలిపోతోందని తెలిసి కూడా పని వదిలి రాని మనిషితో ఒక కప్పు కింద ఉండలేనంది. మీ అత్తయ్య ఏడ్చింది. నేను ఫోను అందుకుని, అక్కడ చలి తగ్గిందా అమ్మా అని అడిగాను. నోటిదాకా వచ్చిన మాట అలా తిరిగిపోయింది. అందుకే ఈ ఉత్తరం.

బాబూ, ముందు ఆ కొట్టు సంగతి రాయాలి. అది రాయకపోతే మిగతాది అర్థం కాదు.

ఆ పరాయి దేశంలో మీ ఇంటికి నేనొచ్చిన మూడో రోజు రొట్టె, పాలు తేవడానికి కలిసి వెళ్ళాం. నువ్వు పాలు తీసుకుంటున్నావు, నేను డబ్బివ్వడానికి నిలబడ్డాను. గల్లా దగ్గర కూర్చున్నావిడ నా చేతిలో నోటు తీసుకోలేదు. ఎదురుగా ఉన్న చిన్న పళ్ళెం చూపించింది. నేను మళ్ళీ చెయ్యి చాచాను, ఆవిడ మళ్ళీ పళ్ళెమే చూపించింది. నా చెయ్యి తగిలితే మైలపడుతుందా అని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మన భాషలోనే ఆవిణ్ణి నాలుగు దులిపేశాను. వరుసలో ఉన్నవాళ్ళంతా కొత్త జంతువుని చూసినట్టు చూశారు. నువ్వు పరుగెత్తుకొచ్చి, నోటు పళ్ళెంలో పెట్టి, ఇక్కడ ఎవరి దగ్గరైనా ఇంతే మామయ్యా, ఇచ్చిందీ పుచ్చుకున్నదీ ఇద్దరి కళ్ళ ముందూ ఉంటే పేచీ ఉండదని ఇలా పెడతారు అని మెల్లగా చెప్పావు. ఆవిడకి నా తరఫున క్షమాపణ కూడా చెప్పావు.

నువ్వు చేసింది సబబే. కానీ ముప్పైనాలుగేళ్ళు సైన్సు మాస్టారుగా పిల్లల్ని బెంచీ ఎక్కించినవాణ్ణి, అంతమంది ముందు నన్నే బెంచీ ఎక్కించినట్టనిపించింది. తల కొట్టేసినట్టయింది. నువ్వు కసురుకున్నా బాగుండేది, ఆ మెత్తదనమే నాకు గుచ్చుకుంది. ఇంక ఈ ఊళ్ళో అల్లుడి చేత పాఠం చెప్పించుకోకూడదని ఇంటికొచ్చేలోపే ఒట్టు పెట్టుకున్నాను. నీకు తెలీదు, నువ్వు దారంతా పాల డబ్బాలు మోస్తూ కబుర్లు చెబుతూనే ఉన్నావు.

ఆ తరవాత వారానికి అమ్మాయి శిక్షణకని రెండు రోజులు పొరుగూరు వెళ్ళింది. నువ్వు నీ పనికి, బస్సులు బాగుచేసే షెడ్డుకి వెళ్ళావు. పిచ్చుక పొద్దున్నుంచీ ముడుచుకుని పడుకుంది, బొమ్మ ఇచ్చినా పట్టుకోలేదు. పది గంటలకి మీ ఇంట్లో ఉన్న జ్వరం చూసే పుల్ల చంకలో పెట్టాను. పుల్ల కీచుమని మోగింది. ముప్పైతొమ్మిదిన్నర అని చూపించింది.

మన ఇంట్లో వాడేది పాదరసం పుల్ల. తొంభైఎనిమిది దగ్గర ఎర్ర గీత ఉంటుంది, అది దాటితే జ్వరం, నూరు దాటితే మాత్ర, నూటరెండంటే డాక్టరు. నా బుర్రలో జ్వరమంటే అంతే. చిత్రం చూడు, ఎండ నలభై అంటే అమ్మో అని గొడుగు తీసేదీ నేనే, జ్వరం నూరంటే పర్వాలేదులే అనేదీ నేనే. ఒకటి సెల్సియస్, ఒకటి ఫారెన్‌హీట్. జీవితమంతా రెండూ ఒకే నోటితో అంటూ వచ్చాను, ఏనాడూ తడబడలేదు. ముప్పైతొమ్మిది చూడగానే, హమ్మయ్య, నూటికి చాలా దూరంలో ఉంది అనుకున్నాను. దాని నుదురు పెనంలా ఉంది. చేతికి తెలిసినదాన్ని కంటితో కొట్టిపారేశాను.

నీకు ఫోను చేసి పిల్లకి కాస్త నలతగా ఉందన్నాను. ఎంత చూపించింది మామయ్యా అని అడిగావు. జ్వరం లేదన్నాను. అంకె చెప్పండి అని మళ్ళీ అడిగావు. ఆ చప్పుళ్ళలో గట్టిగా అడిగావంతే, నాకు మాత్రం కొట్టు గుర్తొచ్చింది. నాకు జ్వరం చూడటం కూడా రాదనుకుంటున్నావా, నీ పని చూసుకో అన్నాను. సరే మామయ్యా అన్నావు. ఒక్క అంకె చెప్పి ఉంటే అన్నీ వదిలేసి వచ్చేవాడివి.

పదకొండింటికి పిల్లకి ఫిట్సు వచ్చింది. కళ్ళు తేలేసింది. మేడమీదావిడ నా కేకలకి దిగి వచ్చి అంబులెన్సు పిలిచింది. ఆస్పత్రిలో డాక్టరు గండం గడిచింది, భయం లేదన్నాడు, ఇంత జ్వరాన్ని ఇంతసేపు ఎందుకు చూస్తూ కూర్చున్నారని కూడా అడిగాడు. నువ్వు చేతులకి గ్రీజుతోనే నిలబడి ఉన్నావు. అప్పుడే అమ్మాయి ఫోను. నువ్వొకసారి నా ముఖం చూశావు. మామయ్య పదింటికే జ్వరమని చెప్పారు, సాయంత్రం చూద్దాంలే అని నేనే అశ్రద్ధ చేశాను అని దానితో అన్నావు.

నేను పక్కనే ఉన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనలేదు. ఆ తరవాత ఇరవై రోజులు మీ ఇంట్లో మూడు పూటలా తిన్నాను. అమ్మాయి నీతో మాట్లాడకుండా నీ కంచం బల్ల మీద పెట్టి వెళ్ళిపోతుంటే చూస్తూ తిన్నాను. ఒకరోజు అది నా దగ్గర కూర్చుని, నువ్వు లేకపోతే నా పిల్ల దక్కేది కాదు నాన్నా అంది. ఆ మాటకి కూడా తల ఊపాను బాబూ.

విమానం ఎక్కే రోజున నా సంచి మోసుకొచ్చి, దారిలో టీ తాగమని నాలుగు నోట్లు నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశావు. మన మధ్య పళ్ళెం ఎందుకు మామయ్యా అని నవ్వావు. ఆ నోట్లు ఖర్చు పెట్టలేకపోయాను. నా సైన్సు పుస్తకంలో అలాగే ఉన్నాయి.

నన్ను కాపాడటానికి నువ్వు ఆడిన అబద్ధం ఇంక చాలు. అమ్మాయిని కూర్చోబెట్టి ఇది మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించు. అది నన్ను తిట్టనీ, మాట్లాడటం మానెయ్యనీ. మీ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని తింటే నాకదే పదివేలు. పిచ్చుకకి ముద్దులు.

ఇట్లు,
నీ మంచితనానికి తగని
మామయ్య

తా.క.: సంతకం చేశాక ఈ ఉత్తరం పోస్టు చెయ్యకుండా రెండు రోజులు వరండాలో తిరిగి, గురువారం ఇది రాస్తున్నాను. పైన రాసింది పొరపాటు. పొరపాటును ఎవరైనా క్షమిస్తారు, అందుకే అంతవరకు రాయగలిగాను. నీక్కూడా తెలియనిది ఇంకొకటుంది. నీకు ఫోను పెట్టేశాక ఎందుకో అనుమానం వచ్చి, అద్దాలు పెట్టుకుని పుల్లని మళ్ళీ చూశాను. అంకె పక్కన సెల్సియస్ గుర్తు ఉంది. కాగితం తీసి లెక్క వేశాను. తొమ్మిదితో హెచ్చవేసి, అయిదుతో భాగించి, ముప్పైరెండు కలిపాను. నూటమూడు పాయింట్ ఒకటి. ఏ కాగితం మీదైనా పైన టైము వెయ్యడం నా అలవాటు కదా, దాని మీదా వేశాను. పదీ ఇరవై. ఫోను చేతిలోనే ఉంది. చేస్తే, పర్వాలేదు మామయ్యా అని మళ్ళీ ఆ మెత్తటి గొంతుతో అంటావు. అది వినలేక, తడిగుడ్డ వేస్తే అదే దిగుతుందిలే అనుకుని నలభై నిమిషాలు కూర్చున్నాను. నువ్వెలాంటివాడివో నాకిప్పుడు తెలుసు, ఈ ఉత్తరం అమ్మాయి కంట పడకుండా దాచేస్తావు. అందుకే ఇన్నాళ్ళూ నా దగ్గర దాచుకున్న ఆ లెక్క కాగితాన్ని, పదీ ఇరవై అన్న చోట గీత గీసి, కింద జరిగినదంతా రాసి, నిన్ననే అమ్మాయి పేరున పోస్టు చేశాను. నీకు ఇది చేరేసరికి అది చదివేసి ఉంటుంది.